మూరెడు కట్టె

గురువారం మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయ్యాక కట్టెలు లోపలికి మోస్తాను. పెరటి గోడవారన రేకు కింద పేర్చిన వరసలోంచి పైవి తీసి, పాత దుప్పట్లో వేసుకుని, వంటిల్లు దాటి, నడవా దాటి, ముందుగదిలో ఇనప పొయ్యి పక్కన దించుతాను. కిందటి వారం బూడిద తోడతాను. పొయ్యి తలుపు అద్దానికి పట్టిన మసిని, తడిగుడ్డకి ఆ బూడిదే అద్ది తుడుస్తాను. అడుగున సన్న పుల్లలు, వాటి మీద చీల్చిన ముక్కలు గాలి ఆడేలా పేర్చి, అగ్గిపెట్టె అందుబాటులో పెట్టి బయటికొచ్చేస్తాను. వెలిగించడం నా పని కాదు. అది శ్రీహర్ష పని. ఆఫీసు నుంచి వచ్చి, ముఖం కడుక్కుని, ఒక్క పుల్ల గీస్తాడు. మంట అంటుకోగానే రెండడుగులు వెనక్కి వేసి, నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తాడు. రోజంతా కష్టపడిన మనిషి తృప్తి ఉంటుంది ఆ చూపులో. అది చూస్తే ఒకప్పుడు నాకు నవ్వొచ్చేది.

సౌదీలో ఉంటూ కట్టెల పొయ్యి ఏమిటే అని కాకినాడ నుంచి మా అక్క ఆశ్చర్యపోతుంది. బురైదా చలి ఆమెకి చెప్పినా ఎక్కదు. వేసవిలో నిప్పులు చెరిగే ఈ ఎడారి గాలే జనవరిలో చెవులు కోస్తుంది. గచ్చు మీద సాక్సులతో నడిచినా అరికాళ్ళు జివ్వుమంటాయి. ఇళ్ళన్నీ ఎండని తప్పించుకోవడానికి కట్టినవి, చలి సంగతి ఎవరూ ఆలోచించినట్టు లేదు. మా ఇంటి యజమానురాలు ఉమ్ ఫహద్ వాళ్ళ పెద్ద ఇంటిని ఆనుకున్న చిన్న వాటా మాది. ముందుగదిని ఇక్కడ మజ్లిస్ అంటారు, వచ్చిన మగవాళ్ళని కూర్చోబెట్టే గది. పొయ్యి ఉన్నది ఆ ఒక్క గదిలోనే. మిగతా ఇంటికంతటికీ ఒక కరెంటు హీటరు. అది గీజరుతో పాటు వేస్తే మెయిను పడిపోతుంది.

ఖర్జూరం నిలవ చేసే గిడ్డంగుల్లో శ్రీహర్ష ఇంజనీరు. ప్రతి గురువారం రాత్రి అతని పై అధికారి అచ్యుతరామయ్యగారు, కింద పనిచేసే ఉదయకిరణ్, ఇంకా ఒకరిద్దరు తెలుగువాళ్ళు వస్తారు. వాళ్ళు వచ్చినప్పుడు నేనూ, ఏడేళ్ళ మా భవితా లోపలి గదిలో ఉండాలి. ఇలా ఉండాలని మాకు పెళ్ళినాటి నుంచీ ఉన్న కట్టడి కాదు. కాకినాడలో ఇదే శ్రీహర్ష స్నేహితులతో నేను క్యారమ్స్ ఆడాను, ఓడించాను కూడా. ఇక్కడికి వచ్చిన మొదటి చలికాలంలో ఒకరోజు, "ఇక్కడి పద్ధతి ఇదే కాత్యా, ఎవరైనా వస్తే ఆడవాళ్ళు వేరే ఉంటారు. పక్కన ఓనరువాళ్ళు చూస్తే బాగుండదు," అన్నాడు. అంతే. ఆ వాక్యం మా ఇంట్లోకి వచ్చి కూర్చుంది. నేను మజ్లిస్ తలుపు మీద వేలితో కొడితే అతను టీ పళ్ళెం అందుకుంటాడు, కొడితే పకోడీలు అందుకుంటాడు, తిరిగి ఖాళీ పళ్ళాలు అందిస్తాడు. కట్టెలు తగ్గితే ఫోన్‌లో మిస్డ్ కాల్ ఇస్తాడు. తలుపు తెరుచుకున్న ఆ రెండు క్షణాలూ నా ముఖానికి వెచ్చటి గాలి తగులుతుంది. మళ్ళీ మూసుకుంటుంది.

పోయినేడు కట్టెలు తనే తెచ్చాడు. కంపెనీ తోటలో పాత ఖర్జూరపు చెట్లు కొట్టేశారట, ఊరికే ఇస్తామన్నారట. ట్రక్కులో మొద్దులు దింపించి, చూశావా అన్నట్టు నా వైపు తిరిగాడు. ఖర్జూరపు మొద్దు కట్టె కాదు, కొబ్బరి పీచుని గట్టిగా అదిమితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అది మండదు, కునుకుతుంది. ఇల్లంతా పొగ, కర్టెన్లకి పొగ, భవిత స్కూలు యూనిఫాంకి పొగ. అచ్యుతరామయ్యగారు దగ్గుతూ, "ఏమయ్యా, నన్ను హోమంలో కూర్చోబెట్టావా" అంటే, శ్రీహర్ష తలుపు తీసి అందరికీ వినబడేలా, పొయ్యి సరిగ్గా పేర్చడం కూడా రాదా నీకు, అన్నాడు. నేను పేర్చిన తీరులో లోపం ఏమిటా అని ఆ తరవాత చాలా రోజులు నిజంగానే వెతికాను. ఎదుటివాడు ధీమాగా తప్పు పడితే, ముందు మన చేతుల వైపు చూసుకోవడం ఎక్కడ నేర్చుకుంటామో తెలీదు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. ఒంటికి పట్టేస్తుంది, పొగలాగే.

ఈ ఏడు, నువ్వే చూసుకో అన్నాడు. మంచిదే అనుకుని కారు తీసుకుని నేనే కట్టెల బజారుకి వెళ్ళాను. ఇక్కడ ఎడారిలో పెరిగే చెట్లు కొట్టకూడదు కాబట్టి అక్కడ అమ్మేది పై దేశాల నుంచి వచ్చిన కట్టె. పికప్ బళ్ళు వరసగా, వాటి మీద గుట్టలుగా కట్టెలు. నేను దిగగానే అమ్మేవాడు కారులోకి తొంగిచూసి, "సాబ్ కిధర్ హై?" అన్నాడు. సాబ్ మీటింగులో ఉన్నాడని చెప్పి, ఏ కట్టె అని అడిగాను. జవాబు నాకు చెప్పకుండా ఫోన్ కలపమన్నాడు. కలిపాను. శ్రీహర్ష, "నువ్వే చూడు, మోసపోకు," అని పెట్టేశాడు. ఆ తరవాత ఆ మనిషి నాతో మాట్లాడక తప్పలేదు.

నాకు కట్టెల గురించి ఏమీ తెలియదు. కానీ పదేళ్ళ పాటు ఫిజియోథెరపిస్టుగా మోకాళ్ళూ భుజాలూ పట్టి చూసిన చేతులివి. పైకి ఒకేలా కనిపించేవాటిలో లోపల తేడా ఎక్కడుందో చేతులకి తెలుస్తుంది. సమర్ అనే కట్టె మంచిదని అప్పటికే విని ఉన్నాను, గట్టి కట్టె, పొగ తక్కువ, నిప్పు చాలాసేపు నిలుస్తుంది. కానీ ప్రతివాడూ తన గుట్టని సమర్ అనే అంటాడు. రెండు ముక్కలు తీసి ఒకదానితో ఒకటి కొట్టాను. కొన్ని ఖంగుమన్నాయి, కొన్ని దబ్బుమన్నాయి. దబ్బుమన్నవాటిలో ఇంకా తడి ఉంది, చేతిలో బరువుగా, కోసిన చివర నున్నగా ఉన్నాయి. ఖంగుమన్నవాటి చివర నడిమి నుంచి అంచుకి పగుళ్ళు పరుచుకున్నాయి, గోటితో లాగితే బెరడు పెళ్ళలుగా ఊడింది. పురుగు తొలిచి పిండి రాలుతున్నవి పక్కన పడేశాను. అతను గొణిగాడు. గొణగనిచ్చాను.

కొలత దగ్గర గొడవైంది. బండి నిండా ఉంది కదా, ఇదే కొలత అన్నాడు. ఊరికే పోసిన కట్టెకి మధ్యలో సగం గాలే. కింద దించి పేర్చమన్నాను. పొడవు సంగతి కూడా ఉంది, మా పొయ్యి కడుపు చిన్నది. కాకినాడలో పూలమ్మి మూర పొట్టిదని మా అమ్మ పేచీపెట్టి తన చెయ్యే చాపి మల్లెపూలు కొలిపించేది. నేను బురైదాలో మోచెయ్యి కట్టె మీద ఆనించి, వేళ్ళు చాపి, మూరకి నాలుగు వేళ్ళు తక్కువగా కోయమని చూపించాను. అతను రంపం తీశాడు. పేర్చింది నా భుజం ఎత్తు వచ్చేదాకా కదలలేదు. ఇంటికి వచ్చేసరికి గోళ్ళ సందుల్లో బెరడు, కళ్ళలో పొట్టు, ఒళ్ళంతా ఒకరకమైన సంతోషం. ఆ సంతోషం శ్రీహర్షకి చెప్పబోతే, "బానే ఉన్నాయి. అంత పొట్టిగా కోయించకుండా ఉండాల్సింది," అన్నాడు, బూట్లు విప్పుకుంటూ.

ఆ గురువారమే తలుపు అవతల అచ్యుతరామయ్యగారి గొంతు వినిపించింది. "భలే కట్టెలయ్యా శ్రీహర్షా. పోయినేడు కళ్ళు మండించావు, ఈ ఏడు ఒళ్ళు కాచావు. ఎక్కడ పట్టావు?" మా ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. ఖంగుమనే చప్పుడు, పగుళ్ళు, బెరడు, పేర్చిన బండికీ పోసిన బండికీ తేడా, ముందు రోజు అన్నం తింటూ నేను చెప్పినవన్నీ అదే వరసలో చెప్పాడు. ఒక్కటి కూడా మర్చిపోలేదు. అంత శ్రద్ధగా విన్నాడన్నమాట. వినడం లేదనే ఇన్నాళ్ళూ నా బాధ. విన్నది ఏమవుతుందో ఆ రోజు తెలిసింది. పకోడీల పళ్ళెం పట్టుకుని నడవాలో నిలబడి ఉన్నాను. తలుపు మీద కొట్టాను. కొట్టక ఏం చేస్తాను, పకోడీలు చల్లారిపోతున్నాయి.

ఆ మర్నాడు గోడ మీద గీత కనిపించింది. కట్టెల వరస ఎంత ఎత్తుందో అక్కడ సుద్దతో గీత గీసి పక్కన తారీఖు వేశాడు. ఒక్కో గురువారానికి ఎంత కట్టె ఖర్చవుతుందో డేటా ఉండాలిగా అన్నాడు. వారం వారం గీత కిందికి దిగింది. ఇంజనీరు కదా అనుకున్నాను. కానీ నాకు అప్పటికే ఆ కట్టెలతో వేరే అవసరం ఉంది.

ఇక్కడ పనిచేయాలంటే నాలాంటివాళ్ళు లైసెన్సు పరీక్ష రాయాలి. భర్త మీద ఆధారపడి వచ్చినవాళ్ళ ఇకామా మీద, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు మీద, పని చేయరాదని రాసి ఉంటుంది. మొదటిసారి అది అనువదించుకుని చదివినప్పుడు, ఒక చేతిలో ఆ కార్డు, ఇంకో చేతిలో అంట్ల పీచు ఉంది. ఊళ్ళోనే ఒక క్లినిక్కులో, పరీక్ష పాసై రండి, అనుమతి పని మేమే చూస్తాం అన్నారు. పోయినేడు అత్తయ్యగారు వచ్చారని వాయిదా వేశాను. దానికి ముందు భవితకి ఆటలమ్మ. ఈసారి డేటు తీసుకున్నాను. పగలు చదువుదామంటే పగలు ముక్కలు ముక్కలుగా ఉంటుంది, స్కూలు, భోజనానికి ఇంటికొచ్చే మనిషి, నీళ్ళ ట్యాంకరు, వంట. నాకంటూ మిగిలేవి సాయంత్రాలు. సాయంత్రం హీటరు పడగ్గదిలో, ఆఫీసు నుంచి వచ్చి నడుం వాల్చిన శ్రీహర్ష దగ్గర. నేను నడవాలో బల్ల మీద, రెండు స్వెట్టర్లు, తలకి మఫ్లరు. కండరాల పేర్లు రాస్తుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. అయిదడుగుల అవతల పొయ్యి ఉన్న గది, తలుపు వేసి, సోఫాల మీద దుప్పట్లు కప్పి, గురువారం కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

ఒక సోమవారం, శ్రీహర్ష రియాద్ వెళ్ళినప్పుడు, పొయ్యి వెలిగించుకున్నాను. నాలుగు ముక్కలు. భవిత కార్పెట్ మీద బోర్లా పడుకుని బొమ్మలు వేసుకుంది. నేను చదివింది చదివినట్టు బుర్రలోకి దిగింది. వేళ్ళు నావేనని గుర్తొచ్చింది.

సుద్దగీతకి అది తెలిసిపోయింది. గురువారం వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను, శ్రీహర్ష స్నేహితులని పెరట్లోకి తీసుకొచ్చి గీతలు చూపిస్తున్నాడు. "ఈ వారం లెక్క తప్పిందేమిటి?" అన్నాడు ఉదయకిరణ్. "మా ఇంట్లో కట్టెలు తినే పురుగొకటి ఉందిలే. ఫిజియోథెరపీ పుస్తకాలు కూడా తింటుంది," అన్నాడు మా ఆయన. అందరూ నవ్వారు. అతను అరవడు, తిట్టడు. చెయ్యి ఎత్తిన మనిషి కాదు. ఇతని మీద ఎవరికైనా ఏమని చెప్పాలి? మా ఆయన జోకు వేశాడు అని చెప్పాలా? చెప్పుకోవడానికి వీల్లేనంత చిన్నవిగా ఉంటాయి నా ఇంట్లో అవమానాలు, పొట్టులాగా. కంట్లో పడితే మాత్రం ఇంకేమీ కనిపించదు.

ఆ మర్నాటి శుక్రవారం ఉమ్ ఫహద్ కబురు పెడితే వాళ్ళింటికి వెళ్ళాను. ఆమెకి మెడనొప్పి, ఊరికే చూసి రెండు వ్యాయామాలు చెప్పమంది. ఆడవాళ్ళు కూర్చునే హాల్లోకి తీసుకెళ్ళారు. నేను ఆ హాలు ఎప్పుడూ చూడలేదు. ఒక గోడ పొడవునా పొయ్యి, నిప్పుల మీద కాఫీ కూజాలు, చుట్టూ మెత్తటి దిండ్లు, కాళ్ళు చాపుకుని పెద్దావిడలు, దొర్లుతూ ఆడపిల్లలు. స్వెట్టరు లేకుండా ఉన్నారు అందరూ. పక్కనే రాతి అరలో పేర్చిన సమర్ కట్టె. మగవాళ్ళ మజ్లిస్ కట్టె వేరే, ఇది అమ్మది, ఇందులోంచి మా అన్నయ్య ఒక్క ముక్క పట్టుకెళ్ళినా ఒప్పుకోదు అని ఉమ్ ఫహద్ కూతురు నూఫ్ ఇంగ్లీషులో చెప్పి నవ్వింది. కాలేజీ పిల్ల. నా చేతులు పట్టుకుని, ఎంత చల్లగా ఉన్నాయి, మీరు సాయంత్రాలు ఎక్కడ కూర్చుంటారు అని అడిగింది.

అందరం పొయ్యి దగ్గరే అన్నాను.

ఎందుకన్నాను? శ్రీహర్ష పరువు కోసమా? కాదు. ఆ క్షణంలో అతను నాకు గుర్తు కూడా లేడు. అలా ఉండడానికి ఒప్పుకున్న మనిషిని ఆ పిల్లకి చూపించలేకపోయాను. ఆ వెచ్చదనంలో కూర్చుని ఉమ్ ఫహద్ మెడ పట్టి చూస్తుంటే నాలో మెల్లగా కోపం పుట్టింది. ఇన్నాళ్ళూ ఈ దేశపు పద్ధతి అనుకుని మోసింది ఇది కానే కాదు. వీళ్ళ పద్ధతిలో గదులు రెండు, పొయ్యిలు రెండు. మా ఆయన అందులోంచి తలుపు ఒక్కటే తెచ్చుకున్నాడు. పొయ్యి తేలేదు.

ఆ సాయంత్రమే అడిగాను. వాళ్ళకి ఆడవాళ్ళ గదిలో మనకంటే పెద్ద పొయ్యి ఉంది తెలుసా అన్నాను. "వాళ్ళు వేరు, మనం వేరు," అన్నాడు. మరి నేను లోపల కూర్చోవడానికి మాత్రం వాళ్ళూ మనమూ ఒకటే ఎలా అయ్యాం అన్నాను. ఫోన్ పక్కన పెట్టి, పేషెంటుతో మాట్లాడే డాక్టరులా, ఏంటి నీ ప్రాబ్లం అన్నాడు. పరీక్ష అయ్యేదాకా సాయంత్రాలు ముందుగదిలో పొయ్యి వెలిగించుకుని చదువుకుంటానన్నాను. కట్టెలు అయిపోతే ఇంకో బండి నేనే తెస్తాను, నేనే పేరుస్తాను అన్నాను. గెస్టుల గది పాడవుతుందన్నాడు. సోఫాలకి వాసన పడుతుందన్నాడు. రోజూ వెలిగిస్తే పొగగొట్టానికి మసి పడుతుందన్నాడు. అన్నీ విన్నాను. చివరికి పరిష్కారం దొరికినవాడిలా అతని ముఖం వెలిగింది.

"దీనికింత ఆలోచన ఎందుకు కాత్యా? పరీక్ష ఎండాకాలానికి మార్చుకో. చలే ఉండదుగా."

అతను నిజంగా సాయం చేస్తున్నాననుకున్నాడు. అదే నన్ను భయపెట్టింది. నా ఎదురుగా ఉన్నది దుర్మార్గం అయితే దానితో పోట్లాడొచ్చు. ఇతని మనసులో నా చదువు అనేది ఋతువులని బట్టి జరపగల సామాను. పోయినేడు అత్తయ్యగారికి చోటు కావాలని జరిగింది, ఈ ఏడు నలుగురు మగవాళ్ళ కబుర్లకి చోటు కావాలని జరుగుతుంది. వేసవి వస్తే ఏసీ ఏ గదిలో ఉండాలన్న ప్రశ్న వస్తుంది. లేచి వంటింట్లోకి వెళ్ళాను. ఒప్పుకున్నాననుకుని ఫోన్ తీసుకున్నాడు.

పరీక్ష ఆదివారం. దానికి ముందు గురువారం నేను ఎప్పట్లాగే కట్టెలు మోశాను. బూడిద తోడాను, అద్దం తుడిచాను, పుల్లలు పేర్చాను. అగ్గిపుల్ల కూడా నేనే గీశాను. సోఫాల మీద దుప్పట్లు తీసి మడతపెట్టాను. పొయ్యికి దగ్గరగా ఉన్న పెద్ద సోఫా, అచ్యుతరామయ్యగారు కూర్చునేది, దాంట్లో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని పుస్తకాలు పరిచాను. భవిత రంగు పెన్సిళ్ళతో కార్పెట్ మీద చేరింది. టీ కాచి ఫ్లాస్కులో పోసి వంటింటి గట్టు మీద పెట్టాను. పకోడీలు వేయలేదు. శ్రీహర్ష ఆ రోజు స్నేహితులని తన కారులోనే ఎక్కించుకుని వస్తాడని తెలుసు. పాఠం రెండుసార్లు చదివినా ఎక్కలేదు. మూడోసారి ఎక్కింది.

గేటు దగ్గర కారు తలుపుల చప్పుడైంది. బెల్లు మోగింది. నేను తల ఎత్తేసరికి భవిత అప్పటికే లేచింది. పెన్సిళ్ళు డబ్బాలో సర్దేసింది, కాగితాలు చంకలో పెట్టుకుంది, లోపలి గది వైపు నడుస్తోంది. ముఖంలో విసుగు లేదు, అడగాలన్న ఆలోచన కూడా లేదు. ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు, నేను చెప్పలేదు, వాళ్ళ నాన్న చెప్పలేదు. బెల్లు మోగితే లేవాలని దానికి తెలుసు.

"భవితా, వచ్చి కూర్చో. బొమ్మ సగంలో ఉందిగా," అన్నాను.

అది నా వైపు, తలుపు వైపు చూసి, నెమ్మదిగా వచ్చి మళ్ళీ బోర్లా పడుకుంది. నేను లేచి తలుపు తీసి, వచ్చి నా చోట్లో కూర్చున్నాను. అచ్యుతరామయ్యగారు నవ్వుతూ లోపలికి వచ్చి, నన్ను చూసి గుమ్మంలోనే నిలబడిపోయారు. వెనక ఉదయకిరణ్, అతని వెనక శ్రీహర్ష. శ్రీహర్ష నా వైపు చూసిన చూపులో కోపం కంటే అయోమయం ఎక్కువుంది. "కాత్యా, వచ్చారు వీళ్ళు," అన్నాడు, నేను చూడలేదేమో అన్నట్టు. చూశానన్నాను. టీ వంటింట్లో ఉంది, తెచ్చి అందరికీ పొయ్యమన్నాను.

పెద్దాయన ఇబ్బందిగా కదిలారు. "చదువుకుంటున్నట్టున్నావమ్మా, పరీక్షలా ఏమిటి? మేం ఇంకోసారి వస్తాంలే," అన్నారు.

"ఆదివారం పరీక్ష బాబాయిగారూ. మీరు వెళ్ళక్కర్లేదు, చోటు చాలా ఉంది, కూర్చోండి," అన్నాను. సోఫాలో నా పక్కన పరిచిన పుస్తకాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. "ఇకనుంచి సాయంత్రాలు మేం ఈ గదిలోనే ఉంటాం. గురువారాలు మీరూ వస్తూ ఉండండి."